శని ఉంగరం

కుప్పం, అక్క ఇంటి నుంచి.

మునిరత్నమ్మకు, క్షేమంగా ఉన్నాను, కానీ ఒక్కడినే వస్తున్నాను. తిట్లన్నీ ముందే ఈ కార్డును తిట్టేయ్.

చదువు మానిపించి మన పాప తేజస్వినిని పిలుచుకొని రమ్మన్నావు. బెంగళూరులో దాని ల్యాబు చూశాక ఆ మాటకు నోరు రాలేదు. మన టమాటా తోటను మాడ్చిన వైరస్ లేదూ, దాని ఆర్‌ఎన్‌ఏను ప్రోటీను ఎలా చుట్టుకొని కాపాడుతుందో పెద్ద అయస్కాంతంలో పెట్టి కనిపెడుతోంది. ఆ పట్టు తెలిస్తే తెగులుకు మందు దొరకవచ్చట.

శని పోతుందని నువ్వు తొడిగిన ఇనుప ఉంగరం చూసి నన్ను గుమ్మంలోనే ఆపింది.

"ఇనుము లోపలికి రాకూడదు, తీసేయ్ నాయనా."

"తీస్తే శని పట్టుకుంటాది పాపా."

"ఆ శనిని పట్టి లోపల గాజు గొట్టంలో పెట్టినా. రా, సూపిస్తా."

పుంగనూరు నర్సరీలో టమాటా నారుకు చెప్పించు. ఆవు మేత ముడుతోందా? అమ్మకు నా దండాలు. గుమ్మం బయట తీసిపెట్టి వెళ్ళిన ఉంగరం ఇప్పుడు జేబులో ఉంది. ఇక అది నువ్వే పెట్టుకో, నాకు నా కూతురు చాలు.

చెంగయ్య