నా చెరువులో అక్క ఏరియేటర్

జూలై 6
ఇటు నా రొయ్యల చెరువు, అటు తోటికోడలు సుశీలక్కది. మధ్యలో ఒకటే గట్టు. ఇక్కడ రొయ్యలు వేద్దామని ముందు అన్నది నేను. ఇప్పుడు సత్తుపల్లి నుంచి ఎవరొచ్చినా నేరుగా ఆమె గట్టు మీదికే... కొత్తగూడెం డ్యూటీ నుంచి ఆదివారం వచ్చిన మా ఆయన కూడా - "వదినెను జూడు, ఎంత మంచిగ పెంచుతున్నదో." చూస్తున్నా. కడుపు మండేదాకా చూస్తున్నా.

జూలై 9
ముసురు. ఎండ లేని రోజు మేత తగ్గించాలి, తెలుసు. కానీ అక్క మేత బస్తా మోసుకెళ్తూ కనిపించింది. ఆమె వేస్తే నేనెందుకు మానాలి? రోజూకంటే ఎక్కువే చల్లాను.

జూలై 10
తెల్లారేసరికి రొయ్యలు తేలాయి. గాలి అందక గట్టు వారకు చేరి, మీసాలు నీటిపైకి... నీళ్లు చిలికి గాలి పట్టించే ఏరియేటర్ ఆగిపోయి ఉంది. మోటారు కాలింది. మా ఆయన ఫోన్ ఎత్తడు. అక్కే పరిగెత్తుకొచ్చింది. తనకున్న రెండు ఏరియేటర్లలో ఒకటి విప్పించి నా చెరువులో దింపించింది.
"ముసుర్ల మేతేసినవా ఏంది చెల్లె? నేనైతే బస్తా తడుస్తదని నిన్ననే ఇంట్ల పెట్టిన."
చాలావరకు బతికాయి. ఆమె చేతి మీదుగా బతికాయి. అదే మింగుడు పడటం లేదు.

జూలై 11
ఊరంతా ఒకటే పాట. పెద్దకోడలి మనసు వెన్నట.

జూలై 15
నా రొయ్యలు తేరుకున్నాయి. మేత మిగల్చడం లేదు. బాగుచేయమని మోటారు ఇచ్చిన షాపతను ఫోన్ చేశాడు - "అయిపోయింది, పట్కపోండ్రి." వెళ్లలేదు.

జూలై 16
గట్టు మీద అక్క.
"ఏరియేటర్ ఇంక గావాల్నా చెల్లె? నా దాంట్ల ఒక్కటి సాల్తలేదు. గుల్ల ఇడిచినయ్, మెత్తగున్నయ్."
"ఇంక తేరుకోలేదక్కా. మోటర్ గూడ బాగు కాలేదు."
ఎంత తేలిగ్గా వచ్చింది నోటికి...
"సరే తియ్, ఉంచుకో."
ఒక్క మాట అనొచ్చు కదా. తిట్టినా హాయిగా ఉండేది.
పాత గుల్ల విడిచిన రొయ్యకు గాలి ఎక్కువ కావాలి. ఒళ్లు గట్టిపడేలోపు పక్క రొయ్యలే పీక్కు తింటాయి. ఇది నాకు తెలియనిదా?

జూలై 17
షాపుకు ఇవాళా వెళ్లలేదు.

జూలై 18
మళ్లీ ముసురు. పొద్దున్నే చెరువు పక్క పాకలో కూర్చుని రాస్తున్నా. అవతల అక్క వంగి నీళ్లలోంచి ఒక రొయ్యను తీసింది. చచ్చింది. ఇంకొకటి... బావగారు నా చెరువు వైపు చెయ్యి చూపించి ఏదో అంటున్నారు. "వద్దు, దాని రొయ్యలు పోతయ్ పాపం" - అక్క గొంతు.
ఆమె ఏరియేటర్ ఇక్కడ తిరుగుతూనే ఉంది. ఇప్పుడు విప్పి ఇస్తే, మొన్న ఎందుకు ఇవ్వలేదో చెప్పాలి.
అక్క ఇటే వస్తోంది.