కాలు తొక్కే స్నేహితుడు

నా బంగారు తల్లికి,

ప్రభువు కృపవల్ల గుండ్రాయిలా ఉన్నాను. ఫోన్లో గరగర తప్ప నీ మాట ఏమీ తెలియడం లేదు. ఆ ఫోను పాడైంది, అందుకే ఈ ఉత్తరం. గోడ గడియారం కూడా మూగబోయింది. పాస్టరు గారైతే ఈ మధ్య ప్రసంగమంతా నోట్లోనే నమిలేస్తున్నారు.

అసలు సంగతి చెప్తాను, నవ్వకు. వాచీలు బాగుచేసే మీ మావయ్య ఉన్నాడు కదా, నలభై ఏళ్ళ స్నేహం, చర్చి పాటల బృందంలో నా పక్కనే నిలబడతాడు. రెండేళ్ళుగా పాట మొదలవగానే నా కాలు తొక్కుతున్నాడు. ఒకసారి కాదు, పాట అయ్యేదాకా! "ఏంట్రా ఇది?" అంటే, "ముసలోణ్ణి, కాలు నిలవదురా" అంటాడు. నువ్వు కొనిచ్చిన బూటు మీద పాలిషు నిలిస్తే ఒట్టు. ఏడుగురం పాడతాం, మిగతా ఐదుగురి కాళ్ళూ కనపడలేదా వాడికి? వచ్చే ఆదివారం కిటికీ పక్కకి మారిపోతున్నాను. చచ్చేదాకా పాడతానని మీ అమ్మకి మాటిచ్చాను గానీ, కుంటుతూ పాడతానని ఇవ్వలేదు.

తొక్కుడు పడిన కాలితో,
మీ నాన్న

*

ప్రియమైన నాన్నకి,

బూటు సంగతి చదివి ఆసుపత్రిలో మేం నర్సులందరం పొట్టలు పట్టుకుని నవ్వాం. కానీ ఫోను, గడియారం, పాస్టరు గారు, అన్నీ ఒకేసారి పాడైపోతాయా నాన్నా? నలభై ఏళ్ళు కోత మిల్లులో రంపం పక్కన నిలబడ్డావు. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళు.

మావయ్య పక్క మాత్రం వదలకు. వాచీ ముల్లు క్షణం తప్పినా పట్టేసే మనిషికి తన కాలు ఎక్కడ పడుతోందో తెలియదా? నిదానంగా అడుగు.

నీ మొండితనమే వచ్చిన
కూతురు

*

అమ్మా,

నీ ఉత్తరం అందేలోపే కిటికీ పక్కకి మారిపోయాను. రెండో చరణం అయ్యాక అందరూ ఆపేశారు. నేను ఆపలేదు. కళ్ళు మూసుకుని, గొంతెత్తి, ఒక్కణ్ణే. కళ్ళు తెరిచేసరికి పిల్లలు నోళ్ళకి చేతులు అడ్డం పెట్టుకుని ఊగిపోతున్నారు. పాటల పుస్తకం బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఇక పాడను. దేవుడి మాటే వినపడనివాడికి ఆయన పాట ఎందుకు?

నాన్న

*

నా తల్లికి, నా కంటి దీపానికి, కోటి ముద్దులు!

దేవునికి స్తోత్రం! పాడాను తల్లీ, పాడాను! ఆగు, వరసగా చెప్తాను.

శనివారం పొద్దున్నే మీ మావయ్య వచ్చాడు, చేతిలో నా పాటల పుస్తకం. గుమ్మంలోనే అరుపులు, కాబట్టి అన్నీ వినపడ్డాయి.

"ఏరా గాయకుడా, ఇంట్లో దాక్కున్నావా?"

"నాకు చెవుడురా," అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"రెండేళ్ళ నుంచి తెలుసు, మొద్దూ! అందరికంటే ఒక లైను వెనకబడిపోయేవాడివి. పాట తాళం నీ చెవికి అందట్లేదని నీ కాలికి అందించాను."

"చెప్పొచ్చుగా?"

"చెప్తే మానేసేవాడివి. మా ఆవిడ పోయినప్పుడు ప్రార్థనకి నాకు నోరు పెగల్లేదు. ఏడాదిపాటు నా పక్కన కూర్చుని నా బదులు నువ్వు చేశావు. అప్పుడు నీ నోరు నాకు పనికొచ్చింది. ఇప్పుడు నా కాలు నీకు!"

గుమ్మంలోనే కావలించుకుని ఏడ్చాం. పాలవాడు చూసి ఎవరో పోయారనుకున్నాడు.

దేవుడు నాతో మాట్లాడడం మానేశాడనుకున్నానమ్మా. ఆయనేమో ప్రతి ఆదివారం నా కాలు తొక్కుతూనే ఉన్నాడు!

రేపు చెవుల డాక్టరు దగ్గరికి వాడే తీసుకెళ్తున్నాడు. గడియారం కూడా చూశాడు, బ్రహ్మాండంగా ఉందట. చెవికి మిషన్ పెట్టినా సరే, నేను వాడి పక్క మారను.

నిన్న పాట మొదలయ్యే ముందు వంగి, ఎడమ బూటు విప్పేశాను. వాడు నా వైపు చూశాడు. తనూ వంగి కుడి బూటు విప్పాడు. ఒక్క లైను తప్పలేదు తల్లీ!

ఒంటి బూటుతో స్తుతించిన
మీ నాన్న