అడవి కోతికి పెట్టిన కుంకుమ

తిరుత్తణి,
18-4-1983

పూజ్యులైన నా భర్త సుదర్శనం గారికి అలిమేలు చేతులు జోడించి రాయునది. ఇక్కడ నేను, అత్త, పాప క్షేమం. మీరు చెప్పగా ఆసుపత్రి నర్సమ్మ రాసిన ఉత్తరం అందింది. మీరు లేచి కూర్చుని గంజి తాగుతున్నారని చదివాకే, ఈ క్షేమం అన్న మాట మనస్ఫూర్తిగా రాయగలిగాను.

అత్త మోకాలి నొప్పి తగ్గింది. పాప మీ పాత చొక్కా తలకింద పెట్టుకుంటే గాని పడుకోదు. కోతిని ముట్టుకున్నందుకు కోపమా అని అడిగారు. కోపం లేకేం. ఇంట్లో బల్లి చస్తే నన్ను కేకేసే మనిషి, మంగళూరు వైపు అడవిలో చెట్లు కొట్టే పని ఆపి, చచ్చిన కోతికి నీళ్ళు పోసి, కుంకుమ పెట్టి పూడ్చారట. కోతి చస్తే దేవుడని మన వీధిలో చేసేదే అక్కడా చేశారు, ఇంకేమనను.

దాని ఒంటిమీది పిడుదులు కుట్టి మీకు ఈ జ్వరం పట్టిందని నర్సు ఆరోగ్యమేరి విడిగా రాసింది. పాపం, కోతులూ ఆ జ్వరంతోనే చస్తున్నాయట. మన మాట తెలిసిన ఆమె, మనవైపు పట్టాభిరామ్ ఊరి పిల్ల, అంత దూరాన ఆ ఆసుపత్రిలో ఉండడం మన అదృష్టం. ఒళ్ళు తెలియని జ్వరంలో మీరు "నా బిడ్డ యాడుంది?" అంటే అక్కడ అర్థమైంది ఆమె ఒక్కదానికే. ఆమెకు ఏమిచ్చినా తక్కువే.

మీకొకటి చెప్పలేదు. తగ్గిన జ్వరం తిరగబెట్టి తలకెక్కిందని ఆమె రాసిన ఉత్తరం వచ్చిన రోజు, మీరు బతికితే నా తాళిబొట్టు హుండీలో వేస్తానని కొండమీది స్వామికి మొక్కుకున్నాను. మొన్న కృత్తికకు అత్తే వెంటబెట్టుకుని పోయింది. ముందు పసుపుకొమ్ము కట్టుకోమని, ఆ తర్వాతే తాళి విప్పనిచ్చింది. "బంగారం పోతే పోనీవే. నా కొడుకు దక్కినాడు, అదే చాలు" అంది.

దిగేటప్పుడు మెట్లమీద కోతి ఒకటి నా చేతిలోని కొబ్బరిచిప్ప లాక్కుంది. మీ జ్వరం గుర్తొచ్చి చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తర్వాత, నువ్వన్నా చల్లగా ఉండు అనుకుని వదిలేశాను.

మళ్ళీ అడవి పనికి పోనా అని అడిగారు. ఆదిమూలం మేస్త్రీ ఎంత కూలి ఇస్తానన్నా వద్దు. నేరుగా ఇంటికి రండి. నా మెడ చూసి కంగారు పడకండి. ఆ పసుపుకొమ్ముకు ముడి నేనే వేసుకున్నాను. మీరు వచ్చి అది విప్పి, మీ చేత్తో మళ్ళీ వేయాలి.

ఇట్లు,
ఆ ముడి కోసం కాచుకుని ఉన్న
మీ భార్య
అలిమేలమ్మ