వచ్చేటప్పుడు మాత్రమే పెరిగే దూరం

విమానాశ్రయ అధికారి గారి సముఖమునకు, తమ రన్‌వే వెనుక వీధిలో కుట్టుమిషను పెట్టుకొని బ్రతుకుచున్న ఒక ఇల్లాలి అర్జీ.

విషయం: మన విమానాశ్రయానికి, గనుల ఊరి విమానాశ్రయానికి మధ్య గల దూరం వచ్చేటప్పుడు మాత్రమే పెరుగుట గురించి.

అయ్యా,

1. నా భర్త ఆసుపత్రుల ఎక్స్‌రే యంత్రాలు బాగుచేయు మెకానిక్. రోడ్డు లేని ఆ గనుల ఊరికి ప్రతి వారం తమ చిన్న విమానంలో ఉదయం పోయి సాయంత్రం వచ్చుచున్నారు. "భయం వెయ్యదా?" అంటే "బస్సెక్కినట్టే" అని నవ్వేసే మనిషి. పోవుటకు గంట, వచ్చుటకు గంటన్నర పట్టునని వారి వాంగ్మూలం. అదే విమానం, అదే ఆకాశం. ఇన్నేళ్లుగా గుడ్డలు కొలుచుచున్నాను. ఏ కొస నుంచి కొలిచినా గుడ్డ పొడవు మారిన పాపాన పోలేదు.

2. ఇదేమని తమ కౌంటరు గుమాస్తాను విచారించగా, "ఎదురుగాలమ్మా. పోయేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, వచ్చేటప్పుడు అడ్డం పడుతుంది" అని సెలవిచ్చినారు. ఇంట్లో మా ఆయన చెప్పినదీ అక్షరం పొల్లుపోకుండా ఇదే. ఇద్దరూ కూడబలుక్కున్నారని నా అనుమానం.

3. పోనీ గాలినే నమ్మితిననుకొనుడు. విమానం దిగిన చప్పుడు మా ఇంటికి వినవచ్చును. నాలుగడుగుల నడక. అయినను వారు మరో అరగంటకు గాని గుమ్మం ఎక్కరు. అడిగితే "సామాను ఆలస్యమైంది" అంటారు. వారి సామాను ఒక్క చేతిసంచి! మా ఆడపడుచును కదిపితే, "మా అన్నయ్య అలాంటోడు కాదొదినా" అంది. ఎలాంటివాడని నేనేమైనా అన్నానా? అనకముందే ఆమెకెలా తెలిసింది?

4. అయ్యా, నాకు అన్నం సహించడం లేదు. నిన్న ఒక చొక్కాకు రెండు చేతులూ ఎడమవే కుట్టాను. పెళ్లయ్యాక ఆయన నాతో అబద్ధమాడడం ఇదే మొదలు. నాకు భయంగా ఉంది.

కావున సదరు విమానం దారిలో ఎక్కడెక్కడ ఆగుచున్నదో, దిగిన పిమ్మట నా భర్త ఎవరి వద్ద ఆగుచున్నారో విచారించి, లిఖితపూర్వకంగా తెలియజేయ ప్రార్థన. తీరిక చూసుకొని కాక, తొందరగా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కుట్టుమిషను ఆవిడ

తా.క.: ఈ అర్జీ స్వయంగా ఇద్దామని వచ్చాను. విమానం దిగి అందరూ వెళ్లిపోయారు. అద్దం తలుపులోంచి చూస్తే, లోపల గోడవార బెంచీ మీద మా ఆయన ఒక్కరే కూర్చుని ఉన్నారు. చేతులు రెండూ మోకాళ్ల మధ్య బిగించి పెట్టుకున్నారు. అయినా వణుకుతున్నాయి.

గుమాస్తా నా పక్కకొచ్చి, "ప్రతి వారం ఇంతేనమ్మా. ఎదురుగాలికి తెగ కుదిపేస్తుంది కదా. వణుకు తగ్గేదాకా కూర్చుని వెళ్తారు. ఇంట్లో తెలిస్తే మీరిక విమానం ఎక్కనివ్వరని, చెప్పొద్దన్నారు" అన్నాడు.

నేను లోపలికి వెళ్లలేదు. ఆయన కంటే ముందు ఇల్లు చేరాలి గనుక గబగబా రాస్తున్నాను. పై అంశాలన్నీ కొట్టివేయండి. ఒకటే మనవి: ఆ బెంచీ అక్కడి నుంచి తీయించకండి. ఈ కాగితం మా ఆయన కంటపడనివ్వకండి.

గుమ్మంలో నిలబడి, "ఇంతసేపూ ఎక్కడున్నారు?" అని ఎప్పటిలాగే గద్దిస్తాను. సామాను ఆలస్యమైందంటారు. ఈసారి నమ్ముతాను.