అమ్మ గీసిన ఇంటూ గుర్తు

మిసిసిపీ, 14 అక్టోబరు 1983

అమ్మకు,

కులాసాగానే ఉన్నాను. కంగారు పడకు, కంగారంతా నాదే.

మన నల్లవాళ్ల హక్కుల కేసుల మీద రాస్తున్న పుస్తకం కోసం కౌంటీ కోర్టులో పాత కాగితాలు తిరగేస్తున్నాను కదా. నిన్న యాభై అయిదు నాటి కట్ట దొరికింది. నల్లపిల్లలకూ తెల్లపిల్లలకూ ఒకే బడి కావాలని మనవాళ్లు పెట్టిన అర్జీ, సంతకాలు చేసినవాళ్ల పేర్లు పేపర్లో పడి పనులు ఊడాక ‘మా పేరు తీసేయండి’ అంటూ వాళ్లే ఇచ్చుకున్న అఫిడవిట్లు అందులో ఉన్నాయి. పదకొండోది నీది. ‘నాకు చదువు రాదు, ఏం రాశారో తెలియక ఒప్పుకున్నాను’ అని టైపు చేసి ఉంది. ఓజెల్లా ప్రూయిట్ అన్న పేరు పక్కన సంతకం లేదు, ఇంటూ గుర్తు ఉంది. చర్చిలో సగం మందికి అక్షరాలు దిద్దించినదానివి నువ్వు.

రికార్డులు చూసే దొరసాని నా భుజం మీదుగా తొంగిచూసి, “ఏమ్మా, ఈ ప్రూయిట్ నీకు చుట్టమా?” అంది. కట్ట లాక్కుంటుందని భయమేసి, “ఎవరోనండీ, నాకు తెలియదు” అన్నాను. అప్పటినుంచీ తిండి సయించడం లేదు.

బీపీ మాత్రలు మానకు. తమ్ముడు క్లీటస్ కిటికీ సందులు మూయించాడా? షికాగోలో అప్పుడే చలి ముదిరిందట.

ఈ నెలాఖరుకి రాతప్రతి ఇచ్చేయాలి. నీ పేరు వేయమంటావా, వద్దంటావా? చదువు రాదని కోర్టుకు రాసిచ్చినదానివి, మా స్కూలు రిపోర్టుల మీద ఎప్పుడూ నాన్న చేతే ఎందుకు సంతకం పెట్టించేదానివో ఇప్పుడు తెలిసింది. జవాబు క్లీటస్ చేత రాయించకు. వద్దు అన్న ఒక్క ముక్కయినా సరే, కింద నీ సంతకం పెట్టు.

నీ కూతురు,
వెర్డెల్