అల్లుడుగారు పీకేసిన పాత డ్రైవు

అమ్మడికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమమని రాయడం అలవాటు గనక నేనూ రాస్తున్నాను. అందరం అంటే ఎంతమందిమి, నేనూ అల్లుడుగారూ, ఇద్దరమే. తింటున్నాం, పనికి వెళ్తున్నాం, ఇంటికి వస్తున్నాం. ఒళ్లు అలిసిపోయినట్టుంది గానీ అది జబ్బు కింద లెక్క కాదు. నువ్వు ఆ కొండల మీద చలికి తట్టుకుని బాగున్నావనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. సరుకుల బండి వారానికి ఒక్కసారే వస్తుందనీ, ఫోను సిగ్నల్ కావాలంటే రెండు గంటలు కిందికి నడవాలనీ రాశావు. నా కోసం ఆ నడక పెట్టుకోకు. కాలు జారితే పట్టుకునే దిక్కు కూడా లేదక్కడ. ఉత్తరమే హాయి. నిజం చెప్పాలంటే, ఈసారి నేను చెప్పాల్సింది ఫోనులో చెప్పే ధైర్యం నాకు లేదు. దాని దగ్గరికి వస్తాను, కాస్త ఓపిక పట్టు.

ముందు నువ్వు అడిగినవి. మోకాలు అలాగే ఉంది, మెట్లు ఎక్కేటప్పుడు తిడుతుంది, దిగేటప్పుడు ఇంకా గట్టిగా తిడుతుంది. కళ్లజోడు మార్చాను. కొత్త అద్దాలతో స్క్రూలు బాగానే కనిపిస్తున్నాయి, మనుషుల మొహాలే ముడతలతో సహా కనిపిస్తున్నాయి, అదొక్కటే ఇబ్బంది. షాపు నడుస్తోంది. మొన్న పళ్ల డాక్టరు మళ్లీ వచ్చాడు. కంప్యూటర్ లేవట్లేదని చంకలో పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. చూస్తే దానికి ఒక పెన్‌డ్రైవు గుచ్చే ఉంది. కంప్యూటర్ ముందు ఆ పెన్‌డ్రైవులోనే వెతుక్కుని, అందులో ఏమీ దొరక్క, అక్కడే చతికిలపడింది. పెన్‌డ్రైవు పీకాను, లేచింది. "ఇంతేనా?" అని ఆయన మొహం మాడిపోయింది. నా పన్ను పీకినప్పుడు నేనూ అలాగే అన్నానని గుర్తుచేశాను. నవ్వుతూ వెళ్లాడు.

టైలరమ్మ దగ్గు తగ్గింది. నువ్వు అడిగావని చెప్పాను. నీ స్వెట్టరు కొలతలు పంపమంది.

ఇక నీ చివరి ప్రశ్న. "నా మెషీన్ని నువ్వొక్కదానివే చూడమ్మా, నా మ్యాపుల్లో ఏమైనా మిగిలాయేమో చెప్పు. ఆయన చెయ్యి మాత్రం పడనివ్వకు" అని రాశావు. ఆ కింద గీత గీసి, "ఆయన తరఫున నాకు నచ్చజెప్పకు" అని కూడా రాశావు. సరే, నచ్చజెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆదివారం పొద్దున్నే టీ తాగేసి నీ పనిగదిలోకి వెళ్లాను. నువ్వు కప్పిన దుప్పటి అలాగే ఉంది, దాని మీద నాలుగు నెలల దుమ్ము. తీసి మడతపెట్టాను. స్విచ్చి వేశాను. ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది, ఆ తర్వాత నువ్వు చూసిన ఆ నల్ల తెరే. మొదలుపెట్టడానికి డిస్కు దొరకలేదు అని ఒకే ఒక్క తెల్ల వాక్యం. నీకు ఆ రోజు ఆ వాక్యం ఎలా కనిపించి ఉంటుందో తలుచుకుంటూ నీ కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

నా పద్ధతి నీకు తెలుసు. పెద్ద జబ్బు అనుకునే ముందు చిన్నవి చూస్తాను. పక్కమూత విప్పి స్క్రూలు టీకప్పు సాసర్లో వేశాను. దుమ్ము ఊదాను. మెమరీ పట్టీ తీసి, దాని పసుపు పళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను. వైర్లన్నీ ఒకసారి పీకి గుచ్చాను. ఏం లాభం లేదు, మళ్లీ అదే వాక్యం. అప్పుడు సెట్టింగుల్లోకి వెళ్లాను. కొత్త డ్రైవు, అదే నేను రెండేళ్ల కింద వేసిన ఆ చిన్నది, డ్రైవుల జాబితాలో నిక్షేపంగా ఉంది. బతికే ఉంది. కానీ దేని నుంచి మొదలుపెట్టాలి అనే వరస ఇంకొకటి ఉంటుంది కదా, అందులో మాత్రం దాని పేరు లేదు. ఆ వరస మొత్తం ఖాళీ.

అది చూసి స్క్రూడ్రైవరు కింద పెట్టేశాను. ఇంక వెతకాల్సింది ఏమీ లేదు. నిజానికి మొదటి నుంచీ వెతకాల్సిన పనే లేదు.

ముందు నీ ప్రాణం కుదుటపడే మాట చెప్పనీ. నీ మ్యాపులన్నీ ఉన్నాయి. ఒక్క గీత కూడా పోలేదు. కొత్త డ్రైవుని విప్పి షాపుకి తీసుకెళ్లి, అక్కడి మెషీనుకి తగిలించి చూశాను. మూడేళ్ల పని, నువ్వు పెట్టుకున్న ఫోల్డర్లు, "చివరిది", "అసలు చివరిది", "ఇదే ఆఖరు", అన్నీ వరసగా ఉన్నాయి. రెండు చోట్లకి కాపీ చేసి పెట్టాను. ఒకటి షాపులో, ఒకటి నా బట్టల బీరువాలో.

ఇప్పుడు రెండో మాట. దీనికి నాలుగు రోజులుగా మాటలు కూడగట్టుకుంటున్నాను.

కంప్యూటర్ లేవడానికి ఒక చిన్న ముక్క కావాలి. సిస్టం, అంటే మెషీన్ని నడిపే అసలు ప్రోగ్రాము, ఎక్కడుందో దానికి చూపించే ముక్క. సిస్టం ఎక్కించేటప్పుడు లోపల రెండు డ్రైవులు ఉంటే, ఒక్కోసారి సిస్టం మనం చెప్పిన కొత్తదాంట్లోకి వెళ్తుంది, ఆ ముక్క మాత్రం చెప్పాపెట్టకుండా పాతదాంట్లో కూర్చుంటుంది. సామానంతా కొత్తింట్లో సర్దుకుని తాళంచెవి పాతింట్లో వదిలేసినట్టు. రెండూ లోపల ఉన్నన్నాళ్లూ ఎవరికీ తెలీదు. అందుకే కొత్తదాంట్లో ఎక్కించేటప్పుడు పాతవన్నీ పీకేసి పక్కన పెట్టాలి. ఈ మాట నా షాపు గోడ మీద అట్టముక్క మీద నేనే రాసి అతికించాను, చూసే ఉంటావు. ఇదే తప్పు చేసినందుకు పక్కవీధి మెకానిక్కుని అరగంట నిలబెట్టి చివాట్లు పెట్టిన దాన్ని నేను.

రెండేళ్ల కింద నీ మెషీనుకి కొత్త డ్రైవు వేసిన రోజు నేను పాతదాన్ని పీకలేదు. అప్పటికే ఆ రోజు ఆరు మెషీన్లు విప్పి మూశాను. నడుం పట్టేసింది. నీ పాత డ్రైవు లోపలి మూలన ఉంటుంది, దాని వైరు తియ్యాలంటే బోర్లా పడుకోవాలి. ఇంట్లోదే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. బయటివాళ్లకి ఎప్పుడూ అలా చెయ్యను. ఇంట్లోవాళ్లకే చేస్తాను కాబోలు.

తర్వాతిది నీకు తెలియదు. నీకు తెలిసిందల్లా, మీ ఆయన ఎవరినీ అడక్కుండా నీ మెషీను విప్పి పాత డ్రైవు పీకేశాడని. అది అబద్ధం అమ్మడూ. ఆయన నన్ను అడిగారు. ముందు రోజు సాయంత్రం, ఆసుపత్రిలో ఎక్స్‌రే డ్యూటీ అయ్యాక, తిన్నగా షాపుకి వచ్చారు. "అత్తయ్యగారూ, ఆ పాత డ్రైవు కరకరమని ఒకటే గోల చేస్తోందండీ. తనకి తలనొప్పి వస్తోంది. రేపు మ్యాపులు పంపేదాకా కాస్త ప్రశాంతంగా ఉంటుంది, తీసేయొచ్చా?" అన్నారు. నేను ప్రింటరు కింద తల దూర్చి ఉన్నాను. తల కూడా ఎత్తకుండా, "తీసేయండి బాబూ, అందులో ఏమీ లేదు" అన్నాను. ఆ సాయంత్రమే తీసి తెచ్చి నా చేతిలోనే పెట్టారు. నేను అప్పటికప్పుడు అందులో ఉన్నదంతా చెరిపేసి, ఖాళీ డ్రైవుల అరలో పడేశాను. ఇక మర్నాడు దాన్ని తెచ్చి మళ్లీ పెట్టినా నీ మెషీను లేచేది కాదు. తాళంచెవిని నేనే కరగబెట్టేశాను.

ఆ పొద్దున నువ్వు నాకు నాలుగుసార్లు ఫోను చేశావు. నేను ప్రింటింగ్ ప్రెస్సులో కంప్యూటర్ బాగుచెయ్యడానికి వెళ్లి, అక్కడి మెషీన్ల గోల మధ్య ఉన్నాను, ఫోను సంచిలో ఉంది. భోజనానికి ఇంటికి వచ్చేసరికి పన్నెండు దాటింది, మ్యాపులు పంపాల్సిన గడువు అయిపోయింది. ఊళ్లోనే వచ్చే ఆ మ్యాపుల ఆఫీసు ఉద్యోగం పోయింది. నువ్వు ఆయన మీద, "నా పనంటే నీకు మొదటి నుంచీ లెక్కలేదు, నేను ఇంట్లో పడి ఉండాలనే ఇలా చేశావు" అని అరుస్తున్నావు. ఆయన గోడకి ఆనుకుని వింటున్నారు. నేను గుమ్మంలో నిలబడి ఆ నల్ల తెర చూశాను. చూసిన క్షణంలోనే నాకు అంతా అర్థమైంది. ముప్ఫై ఏళ్ల పని కదా, అర్థం కాకుండా ఎలా ఉంటుంది.

ఆయన నా వైపు చూశారు. ఒక్కసారే. నేను వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగాను.

తిరిగి వచ్చేసరికి నువ్వు దుప్పటి కప్పేసి, ఇంకెవరూ దీన్ని ముట్టుకోవద్దు అన్నావు. హమ్మయ్య అనుకున్నాను. సిగ్గు విడిచి రాస్తున్నాను, సరిగ్గా అదే మాట అనుకున్నాను. రేపు చెబుదాం అనుకున్నాను. మూడో రోజున నువ్వు ఆ కొండల మీది సరస్సు కొలతల క్యాంపుకి సంతకం పెట్టేశావు, ఏడాది పాటు. నువ్వు సర్దుకుంటుంటే సాక్సులు మడతపెట్టి ఇచ్చాను గానీ నోరు విప్పలేదు. నా కూతురు నన్నే గొప్ప మెకానిక్కు అనుకుంటుంది, ఆ ఒక్కటీ పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. దానికి బదులు నీ మొగుడి మంచిపేరు పోనిచ్చాను. నువ్వక్కడ చలిలో వణుకుతున్నావంటే కారణం నేను, ఆయన కాదు.

ఆదివారం మధ్యాహ్నం షాపు నుంచి వచ్చాక ఆయనతో చెప్పాను. అన్నం వడ్డిస్తూ, "బాబూ, తప్పు నాది. మీ మీదికి పోనిచ్చాను" అన్నాను. ఆయన కంచంలోంచి తలెత్తకుండా, "తెలుసండీ" అన్నారు.

"తెలిసి ఎందుకు ఊరుకున్నారు?"

"ఆ లోపలి సంగతులు నాకేం తెలీవు గానీ, మిమ్మల్ని అడిగే తీశానని తెలుసు కదండీ. తను అప్పటికే అంత కోపంలో ఉంది. ఉన్నది మీరిద్దరే ఒకరికొకరు. మీ పేరు చెబితే మీ ఇద్దరికీ చెడుతుంది. నా మీదైతే వారం పది రోజుల్లో తగ్గిపోతుందిలే అనుకున్నాను."

తగ్గలేదు. మూడు ఉత్తరాలు రాశారట, ఒక్కదానికీ జవాబు లేదట. ఆసుపత్రి వెనక వీధిలో ఒక గది చూసుకున్నారు. ఒకటో తారీఖున మారిపోతారట. "తను వచ్చేసరికి ఇల్లు తనకి హాయిగా ఉండాలి కదండీ" అన్నారు. ఇదంతా నీకు రాయొద్దని నా చేత మాట కూడా తీసుకున్నారు. ఆ మాట తప్పుతున్నాను. నాలుగు నెలలు నోరు మూసుకున్న దాన్ని, ఇంకొకసారి మూసుకోలేను.

తర్వాత నీ మెషీను బాగు చేశాను. ఈసారి అన్నీ పీకేసి, కొత్త డ్రైవు ఒక్కటే ఉంచి, ఆ చిన్న ముక్కని అందులోనే కట్టాను. మొదటిసారి కుదరలేదు, రెండోసారి సగంలో ఆగింది. మూడోసారి లేచింది. తెర మీద నీ పెద్ద మ్యాపు కనపడింది, ఆ నదిపాయలన్నీ నీలం గీతలతో. నేను అరిచినంత పని చేశాను. "బాబూ, రండి, వచ్చింది!" అన్నాను.

ఆయన పరుగెత్తుకుంటూ వచ్చి గడప దగ్గర ఆగిపోయారు. తలుపు పట్టుకుని మెడ సాచి చూస్తున్నారు. కళ్లనిండా నీళ్లు. లోపలికి రండి, దగ్గరగా చూడండి అన్నాను.

"వద్దులెండి. మళ్లీ ఈ గదిలో అడుగు పెట్టొద్దంది తను" అన్నారు.

నాలుగు నెలల నుంచీ ఆయన ఆ గడప దాటలేదట అమ్మడూ. కిటికీ వెయ్యాల్సి వస్తే బయటినుంచి వెళ్లి వేసి వస్తున్నారట. ఒకే ఇంట్లో ఉండి నేను ఇది గమనించనే లేదు.

నన్ను క్షమించమని అడగడం లేదు. నీ కోపం ఎన్నాళ్లుంటే అన్నాళ్లు ఉండనీ, అది నాకు రావాల్సిందే. నాకు జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను. ఒకటో తారీఖుకి ముందు సరుకుల బండి ఇంకొక్కసారే వస్తుంది. అందులో ఆయనకి రెండే రెండు మాటలు పంపించు. లోపలికి రా అని.

ఇట్లు,
నీ కోపానికి అసలు హక్కుదారు,
అమ్మ