నల్లబడ్డ పాలపన్ను

గురువారం రాత్రి, జనగామ

అక్క బిడ్డ బుజ్జి మంచిగ నిద్రపోతాంది. నాకే నిద్ర పడుతలేదు.

నిన్న దవాఖానల డాక్టరమ్మ సూది ఇయ్యలేదు, మిషన్ పెట్టలేదు. ముందటి పాలపన్ను పుచ్చిన కాడ చిన్న బ్రష్‌తోని మందు పూసింది, గంతే. "పుచ్చు ఇక్కడికే ఆగుతది. కని ఆ జాగ నల్లగైతది, పన్ను ఊడేదాంక గట్లనే ఉంటది," అని ముందే చెప్పింది. అక్క సరేనన్నది. బుజ్జి "అయిపోయిందా చిన్నమ్మా?" అనుకుంట నవ్వుతనే కుర్చీ దిగింది.

ఇయ్యాల పొద్దుగాలకు పన్ను నల్లబడ్డది. మహదేవపూర్ల పని మీద ఉన్న బావ ఫోటో పంపుమన్నడు. ఫోన్ పట్టుకున్నది నేనే. "నోరు మూసుకొని నవ్వు బుజ్జీ, నల్లపన్ను పడుతది," అన్న. చెప్పినట్టే చేసింది.

ఫోటో చూసిన వెంటనే బావ ఫోన్ చేసిండు.

"ఏంది మరదలా, నా బిడ్డ మూతి బిగవట్టింది? మస్తు నొప్పైందా?"

"లేదు బావా, దానికి నిద్రొస్తాంది," అన్న. ఎంత అల్కగ, తడుముకోకుండ వచ్చింది అబద్ధం.

రాత్రి తినేటప్పుడు అవ్వ, "డాక్టరమ్మ నా పండ్లకు గూడ రంగేస్తదా, రెండే మిగిలినయి," అంటే అందరం నవ్వినం. బుజ్జి ముందుగాల మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది, అటెన్క నవ్వింది. అక్క నా దిక్కు చూసింది. తిట్టినా బాగుండు.

నా ఎత్తుపన్ను కనపడకుండ నేను ఫోటోలు దిగేది గూడ గట్లనే. పిల్లకు గదే నేర్పిన.

రేపు దానితోని ఇంకో ఫోటో దిగాలె. ముందుగాల నేను నోరు తెరిచి నవ్వాలె. అది చెయ్యి తీస్తదో లేదో...